బయటికి దారి లేని పలక

శనివారం మధ్యాహ్నం మురళీమోహన్ తన సంచీని షెడ్డులోకే తెచ్చుకుని, కుర్చీ పక్కన గోడకి ఆనించి పెట్టుకున్నాడు. సాయంత్రం హౌరాలో బండి. విశాఖపట్నానికి టిక్కెట్టు. ఇలాంటి టిక్కెట్లు ఈ రెండేళ్ళలో చాలానే కొన్నాడు, చాలానే రద్దు చేసుకున్నాడు. ఈసారి రద్దు చేసుకుంటే మళ్ళీ కొనే పని ఉండదని భార్య రమాకుమారి పొద్దున్నే ఫోన్లో చెప్పేసింది.

“సోమారం నాడు ఆఫీసులో రాసిచ్చీయాల బావా, ఫేమిలీ కోటరు ఉంచుకుంతానా వదిలీస్తానా అని. ఒక్క మనిషికి ఫేమిలీ కోటరేటి అని అడగతన్నారు. ఆళ్ళు అడగడంలో తప్పేటున్నాది? నువ్వు రేపు దిగితే ఉంచుతాను. దిగకపోతే నర్సుల హాస్టల్లో గది తీసీసుకుంతాను.”

“హాస్టల్లోకి నన్ను రానిస్తారేటి?”

“అదే నాను చెప్తన్నాను. రానివ్వరు.”

ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే మురళికి కాస్త ధైర్యంగా ఉండేది. కోపానికి ఏం చెప్పాలో అతనికి తెలుసు. ఇది వార్డులో డ్యూటీ మారేటప్పుడు తర్వాతి నర్సుకి రోగి సంగతి అప్పజెప్పే గొంతు.

రమ రైల్వే ఆసుపత్రిలో నర్సు. లిలువాలో ఆమె పేరున వచ్చిన కోటరులోనే ఇద్దరూ కాపురం చేశారు, కూతురు ఉదయశ్రీని అక్కడే పెంచి పెళ్ళి చేశారు. ఆ తర్వాత రమకి ప్రమోషన్ వచ్చింది, దాంతోపాటే విశాఖకి బదిలీ. వద్దని రాసిస్తే ఆగిపోయేది. ఆమె రాసివ్వలేదు. “నువ్వు ముందెల్లు, నాను పని అప్పజెప్పీసి దుర్గాపూజకల్లా వచ్చెత్తాను” అన్నాడు మురళి. ఆ పూజ అయింది, తర్వాతి పూజా అయింది. లిలువా కోటరు ఖాళీ చేసి, గార్డెన్ రీచ్‌లో తండ్రి గవరయ్య ఓడరేవు డాకులో కూలీగా ఉన్నప్పుడు అద్దెకి తీసుకున్న గదిలోకి మారాడు. ఆ గది నుంచి షెడ్డుకి నడిచే వెళ్ళొచ్చు. అందుకే షెడ్డు వాళ్ళు కూడా నడిచే వచ్చి తలుపు కొట్టొచ్చు.

షెడ్డు సేన్‌లది. ఓడల్లోంచి సరుకు దించే గొలుసులు, కొక్కేలు, ఉక్కు తాళ్ళు అక్కడికి పరీక్షకి వస్తాయి. పొడవాటి ఇనప బల్ల మీద ఒక చివర బిగించి, రెండో చివర నూనె ఒత్తిడితో లాగుతారు. ఎన్ని టన్నుల దాకా తట్టుకుందో చూసి, ముద్ర కొట్టి, సర్టిఫికెట్టు రాసిస్తారు. ఆ కాగితం లేని కొక్కెం కింద డాకులో ఎవడూ నిలబడడు.

మురళి ఆ షెడ్డులో చేరింది గొలుసులకి రంగు వేయడానికి. అప్పటికి మీసాలు సరిగ్గా రాలేదు. పెద్దాయన సేన్, అందరికీ బొడోబాబు, ఒక కంప్యూటరు కొన్నాడు. దాన్ని నడపడానికి పెట్టుకున్న కుర్రాడు వేరే ఉద్యోగం దొరికి వెళ్ళిపోయాడు. దాని మీద గుడ్డ కప్పి ఉంచారు. మురళి భోజనాల వేళ గుడ్డ తీసి, డబ్బాలో వచ్చిన ఇంగ్లీషు పుస్తకాన్ని డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివేవాడు. చేతికి రంగు మరకలు ఉంటే మీటలు ముట్టుకోకూడదని కిరసనాయిలుతో కడుక్కుని మరీ కూర్చునేవాడు. అతనికి ఎవరూ నేర్పలేదు. తప్పు చేస్తే కంప్యూటరు కదలకుండా పోయేది; ఎందుకు పోయిందో కనిపెట్టేదాకా లేచేవాడు కాదు. అదే చదువు.

ఆ రోజుల్లో కంప్యూటరు ఒక్కసారికి ఒక్క పనే చేసేది. గుమాస్తా సర్టిఫికెట్టు కొడుతూ మధ్యలో చిన్న లెక్క చూసుకోవాలంటే, కొడుతున్నది మూసేసి, లెక్కల ప్రోగ్రాం తెరిచి, చూసుకుని, అది మూసి, మళ్ళీ మొదటిది తెరవాలి. ఈ తిప్పలు తప్పించడానికి రెండు దారులుండేవి. ఒకటి, కంప్యూటరు సమయాన్ని ముక్కలు ముక్కలు చేసి తలా ఒక ముక్క పంచుతూ, నాలుగు ప్రోగ్రాములు ఒకేసారి నడుస్తున్నట్టు చూపించేది. రెండోది, ఒక చిన్న ప్రోగ్రాంని మెమరీలో ఒక మూల దాచి ఉంచడం. అది మాటామంతీ లేకుండా పడి ఉంటుంది. రెండు మీటలు కలిపి నొక్కితే తెర మీదికి లేస్తుంది. అది లేచినంతసేపూ కింద ఉన్న పని ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. ఇంకో మీట నొక్కితే అది మాయమై, కింద పని ఆగిన అక్షరం దగ్గర్నుంచే సాగుతుంది. మురళి అలాంటి వాటిని పలకలు అనేవాడు. అవసరానికి పలక తీసి, చూసుకుని, తుడిచేసినట్టు.

డల్హౌసీ ఆఫీసుల పేట నుంచి ఒక అమ్మకాల మనిషి టై కట్టుకుని వచ్చి మొదటి రకందాన్ని పెట్టి చూపించాడు. తెర నాలుగు గళ్ళయింది. ఒక గడిలో ఉత్తరం, ఒక గడిలో లెక్క, ఒక గడిలో ఇనప బల్ల నుంచి తీగ మీద వచ్చే బరువు అంకె. బొడోబాబు మురిసిపోయాడు. ఇనప బల్ల నడిపే నిమాయ్ ఒక పాత కొక్కేన్ని తెగేదాకా లాగాడు. కొక్కెం ఢామ్మని తెగింది. గోడ మీద ముల్లు ఒక బరువు చూపించింది, కంప్యూటరు అంతకంటే తక్కువ చూపించింది. కొక్కెం తెగిన ఆ క్షణంలో వంతు ఉత్తరానిది మరి. ఆ మనిషి మోసగాడేం కాదు. ఆ యంత్రానికి అంతకు మించి సత్తువ లేదు. అతను కాస్త ముందుగా వచ్చేశాడు, అంతే.

మర్నాడు మురళి తన పలక చూపించాడు. రెండు మీటలు నొక్కగానే తెర మీద సర్టిఫికెట్టు బిగుసుకుపోయింది. మధ్యలో పెద్ద అంకెలతో బరువు ఒక్కటే. కంప్యూటరుకి ఇంకో ధ్యాస లేదు. కొక్కెం తెగింది. అన్నిటికంటే పెద్ద అంకె తెర మీద నిలబడింది, గోడ మీది ముల్లుతో సరిగ్గా కలిసింది. ఇంకో మీట నొక్కితే ఆ అంకె తనంతట తనే సర్టిఫికెట్టులో కూర్చుంది. బొడోబాబు ఆ పూటే అతని చేతిలోంచి రంగు కుంచె తీసేసి కుర్చీ ఇచ్చాడు.

అప్పటినుంచీ మురళికి ఆ కుర్చీయే.

తర్వాత ఒక్కొక్కరూ ఒక్కో పలక అడిగారు. బరువు పలక మీద ఇంకోటి, దాని మీద ఇంకోటి ఎక్కించాడు. లోకంలో కంప్యూటర్లు మారాయి. షెడ్డులో కంప్యూటరు మారలేదు. డబ్బా మారింది, బోర్డు ఒకసారి మారింది, తెర మారింది, లోపల మురళి రాసినవి మాత్రం అవే. అన్నిటికంటే పాతది డిస్కు. అది తిరుగుతున్నంతసేపే తిరుగుతుంది. ఒకసారి ఆగితే లోపల అతుక్కుపోయి మళ్ళీ తిరుగుతుందన్న నమ్మకం లేదు. అందుకని ఏళ్ళ తరబడి దాన్ని ఆర్పలేదు. పెద్ద తుపాను వచ్చి గార్డెన్ రీచ్ అంతా చీకటైనప్పుడు మురళి లారీ బ్యాటరీలు తెప్పించి, కరెంటు వచ్చేదాకా దాని పక్కనే కూర్చున్నాడు. అప్పుడు లిలువాలో కోటరులోకి మోకాలి దాకా నీళ్ళొచ్చాయి. రమ ఒక్కతే బియ్యం డబ్బా అటక మీదికి ఎక్కించుకుంది.

“ఆళ్ళు పిలిస్తే గభాల్న లెగుస్తావు,” అందామె అతను ఇంటికొచ్చాక, గోడ మీద నీటి చారని గుడ్డతో రుద్దుతూ. “నాను పిలిస్తే మట్టుకు, ఇదిగో ఇది అవ్వనీ అంతావు. ఎన్నాళ్ళు ఆగమంతావు బావా? నాను నీ సర్టిఫికెట్టునేటి?”

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు.

బొడోబాబు పోయాక కొడుకు ధ్రువ సేన్, చోటోబాబు, షెడ్డు చూసుకుంటున్నాడు. మంచివాడే. వదిలి వెళ్ళిపోతానని మురళి అన్నప్పుడల్లా, బెంగాలీలో అన్నా అని పిలుస్తూ ఒకే మాట అనేవాడు. “నాకింకెవరున్నారు మురళీదా?” మురళి వెళ్ళి టిక్కెట్టు రద్దు చేసుకునేవాడు. చివరికి, విశాఖలో రమకి కోటరు గొడవ మొదలైందని విన్నప్పుడే, చోటోబాబే కొత్త యంత్రం తెప్పించాడు. దాన్ని పెట్టడానికి లక్ష్మీసౌజన్య వచ్చింది. కరీంనగర్ పిల్ల, సాల్ట్‌లేక్‌లో ఉద్యోగం. షెడ్డులో తెలుగు వినబడేసరికి కుర్చీ లాక్కుని మురళి పక్కనే కూర్చుంది.

ఆ అమ్మాయి పని మురళికి నచ్చింది. ఆమె తెర మీద ఇరవై పనులు ఒకేసారి నడుస్తుంటే, ఇంకో పక్క ఫోన్లో వాళ్ళమ్మతో మాట్లాడుతూ, ఆ మాట ఆపకుండానే ప్రోగ్రాంలో తప్పు దిద్దేది. అయినా బల్ల మీది అంకె ఒక్కటి కూడా జారిపోలేదు. మురళి గోడ మీది ముల్లుతో ప్రతిసారీ సరిచూశాడు. ప్రతిసారీ కలిసింది.

“ఏం అంకుల్, నమ్మకం కుదరలేదా ఇంకా?”

“కుదిరింది తల్లీ. కుదిరినా చూడాల కదా.”

“చూడండి, చూడండి. నేను కూడా గట్లనే చూస్త,” అంది. తర్వాత మాటల్లో మాటగా, “నేనేది రాసినా ముందు తీసేసేది రాస్త అంకుల్. పెట్టేది తర్వాత. ఎక్కించినంక దించడం రాకపోతే ఇగ మన మెడకే కదా” అంది. మురళి తల ఊపాడు. ఆ పూటంతా ఆ మాట అతన్ని ఎక్కడో పొడుస్తూనే ఉంది.

మిగిలింది ఒక్కటే పని. పాత డిస్కులో ఉన్న సర్టిఫికెట్ల నకళ్ళన్నీ కొత్త యంత్రంలోకి ఎక్కించాలి. ఫ్లాపీ డ్రైవు ఎప్పుడో పాడైంది. రెండు యంత్రాల్నీ తీగతో కలిపి ఎక్కించాల్సిందే. ఆ ప్రోగ్రాం శుక్రవారం నడిపితే, మెమరీ చాలదని ఒక వరస రాసి చేతులెత్తేసింది. మెమరీ అంతా పలకలు ఆక్రమించుకుని ఉన్నాయి. మామూలు కంప్యూటరైతే ఆర్పి, పలకలు లేకుండా వెలిగిస్తే సరి. దీన్ని ఆర్పకూడదు. కనుక వెలుగుతుండగానే ఒక్కొక్క పలకనీ దించాలి.

“అదొక్కటీ చేసేసి వెళ్ళు మురళీదా,” అన్నాడు చోటోబాబు. “ఏడాది తనిఖీ ముందుంది. పాత రికార్డులు లేకపోతే నేను ఎక్కడికి పోను? అది అయిందా, నేనే నిన్ను హౌరాలో దింపుతాను.”

పలకల్ని దించడానికి ఒక పద్ధతి ఉంది. చివర ఎక్కింది ముందు దిగాలి. ఒక పలక ఎక్కేటప్పుడు, మీటల దగ్గర తనకంటే ముందు ఎవరు కాపలా ఉన్నారో రాసి పెట్టుకుని, ఆ చోట తను నిలబడుతుంది. దిగేటప్పుడు ఆ చోటు ముందున్న వాళ్ళకి అప్పగించి పోతుంది. మధ్యలో ఉన్నదాన్ని లాగితే పైదానికి కాళ్ళ కింద నేల ఉండదు. కంప్యూటరు బిగుసుకుపోతుంది.

మురళి చేతులు తుడుచుకుని మొదలుపెట్టాడు. సౌజన్య పక్కన కూర్చుంది.

పైన ఉన్నది తెరని నల్లగా ఆర్పే పలక. చోటోబాబు కొత్తగా షెడ్డుకి వచ్చినప్పుడు, తెర పాడవుతోందంటే రాసింది. దిగిపోయింది. దాని కింద ఆటుపోట్ల పలక. నదిలో నీరు ఎప్పుడు పొంగుతుందో తెలిస్తే ఓడ ఎప్పుడు లోపలికి వస్తుందో, లారీలు ఎప్పుడు షెడ్డు ముందు వరస కడతాయో తెలిసేది. దానికోసం నిమాయ్ రోజూ పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుని వచ్చి నిలబడేవాడు. నిమాయ్ మోకాళ్ళు పోయి ఊరికెళ్ళిపోయాడు. పలక దిగిపోయింది.

దాని కింద ఫోను నంబర్ల పలక. టైపిస్టు గౌరీదీ అడిగింది. రాసిచ్చిన రోజు ఇంట్లో చేసిన సందేశ్ మిఠాయి తెచ్చింది.

“ఇవన్నీ మీరే రాసినరా అంకుల్?”

“ఎవులేటడిగితే అది రాసీడమే.”

“కాదనలేదా ఎప్పుడూ?”

మురళి ఆలోచించాడు. కాదనాలని ఎప్పుడూ తోచలేదు. ఎవరైనా వచ్చి, ఇలా ఒకటి కావాలి, అవుతుందా అని అడిగితే, అవుతుందా లేదా అన్నదే అతని బుర్రలో తిరిగేది. రాయాలా వద్దా అన్నది ఇంకో ప్రశ్న అని అతనికి ఇన్నేళ్ళూ తెలియదు.

గడియారం పలక వచ్చింది. బొడోబాబు కళ్ళలో పొర వచ్చి గోడ గడియారం కనిపించకపోతే, తెర మూల లావుపాటి అంకెలతో పెట్టింది. కంటి ఆపరేషన్ అయ్యాక కూడా దాన్ని తీయనివ్వలేదాయన. మీట మీద మురళి వేలు ఒక్క క్షణం ఆగింది. నొక్కాడు. తెర మూల అంకెలు పోయి ఖాళీ అయింది. తర్వాత లెక్కల పలక. దిగింది.

ఇక మిగిలింది అన్నిటికంటే అడుగున ఉన్న బరువు పలక. అన్నిటికంటే పెద్దది. అప్పట్లో మెమరీ పొదుపు తెలియక విశాలంగా రాసుకున్నాడు. అది దిగకుండా నకళ్ళు ఎక్కించే ప్రోగ్రాంకి చోటు లేదు.

దానికి దిగే దారి లేదు.

రంగు కుంచె పట్టుకున్న చేత్తో రాసిన మొదటి ప్రోగ్రాం అది. ఎక్కడం ఎలాగో పుస్తకంలో ఉంది, రాశాడు. దిగడం గురించి ఆలోచించలేదు. దాన్ని దించాల్సిన రోజు వస్తుందని ఎవరనుకున్నారు? తనకంటే ముందు మీటల దగ్గర ఎవరున్నారో అది రాసి కూడా పెట్టుకోలేదు. ఆ బోర్డు మీద, పలకలేవీ లేనప్పుడు మీటల్ని చూసుకునే అసలు కాపలాదారు ఉండే చోటు అంకె మురళికి కంఠతా వచ్చు కనుక, ఆ అంకెనే నేరుగా రాసేశాడు.

“ఇది దిగదా అంకుల్?”

“దిగదు. చేత్తో దించాల. మెమరీలోకెళ్ళి మీటల చోటు తిరిగి అప్పజెప్పీసి, దీన్ని ఖాళీ చేసీడమే.”

సౌజన్య గడియారం చూసింది. “అంకుల్, ఒక మాట చెప్పాలె. ఇది ఆర్పేద్దాం. డిస్కు తీసి నాకియ్యండి, వేరే దానికి తగిలించి చూస్త. తిరిగితే తిరుగుతది. లేకపోతే లేదు. మీరైతే బండెక్కుండ్రి.”

“లేకపోతే లేదంతావేటి తల్లీ? అన్నేళ్ళ పని.”

“పని అయిపోయింది కదా అంకుల్. అవి నకళ్ళు.”

అతను వినలేదు. వినలేదనడం కంటే, విన్నది లోపలికి దిగలేదు. చేతులు అప్పటికే మీటల మీద ఉన్నాయి. జేబులో ఫోన్ మోగింది. రమ. ఇది అవ్వనీ అనుకున్నాడు. మోగి మోగి ఆగింది.

మెమరీని విప్పి చూపించే ప్రోగ్రాంలోకి వెళ్ళాడు. మీటల చోటు దొరికింది. అక్కడ తన పలక అంకె ఉంది. దాని స్థానంలో అసలు కాపలాదారు అంకె రాయాలి. వేళ్ళు వాటంతట అవే ఆ అంకె కొట్టాయి. ఇన్నేళ్ళయినా మరిచిపోలేదని లోపల చిన్న సంతోషం కూడా కలిగింది. ఎంటర్ నొక్కాడు.

ఏమీ జరగలేదు. ఇంకో మీట నొక్కాడు. అక్షరం పడలేదు. ఇంకోటి నొక్కాడు. కర్సర్ మిణుకు మిణుకుమంటూనే ఉంది, కానీ అది కంప్యూటరు బతికుందనడానికి గుర్తు కాదని అతనికి తెలుసు.

అప్పుడు గుర్తొచ్చింది. బోర్డు మారింది. మధ్యలో ఒకసారి తనే మార్చాడు. అప్పుడు పలకలో అంకె కూడా తనే మార్చాడు. ఇప్పుడు వేళ్ళు కొట్టింది మొదటి బోర్డు అంకె. మొదట నేర్చుకున్నది. సరైనది పలక లోపలే ఉంది, ఒక్కసారి చూసి రాయాల్సింది. ఇనప బల్ల మీది అంకెని ఏనాడూ చూడకుండా రాయని మనిషి, ఇది చూడకుండా రాశాడు.

“ఏమైంది?” అంది సౌజన్య మెల్లగా.

“మీటలన్నిట్నీ లేని మనిషికి అప్పజెప్పీసినాను.”

ఇక ఆర్పడం తప్ప ఏ దారీ లేదు. ఆర్పడానికి కూడా కాసేపు చేయి రాలేదు. షెడ్డులో ఆ కంప్యూటరు ఫ్యాను చప్పుడు ఎప్పుడూ ఉండేదే. ఎవరూ వినేవారు కాదు. అతను స్విచ్చి తీయగానే, బల్ల దగ్గర గొలుసు బిగిస్తున్న ఇద్దరూ తల తిప్పి చూశారు. ఆఫీసు గదిలోంచి చోటోబాబు బయటికి వచ్చాడు.

మళ్ళీ వేశాడు. ఫ్యాను తిరిగింది. డిస్కు దగ్గర్నుంచి టిక్కుమని ఒక చప్పుడు, ఇంకోటి. తర్వాత ఏమీ లేదు. మూత విప్పి, డిస్కు బయటికి తీసి, అరచేతిలో పట్టుకుని మణికట్టు విసురుగా తిప్పాడు. అలా తిప్పితే ఒక్కోసారి అతుక్కున్నది వదులుతుంది. తగిలించి చూశాడు. టిక్. అంతే.

“చాందినీ బజార్ల ఒకాయన ఉన్నడు,” అంది సౌజన్య. “ఇసొంటివి తెరిచి తీస్తడు. సోమవారం తీస్కపోత. వస్తదని చెప్పలేను.”

చోటోబాబు అక్కడున్న స్టూలు మీద కూర్చుండిపోయాడు. అరవలేదు. అరవడం ఆ ఇంట్లో లేదు. “రికార్డులు?” అన్నాడు.

“కార్బను కాపీలు బీరువాలో ఉన్నాయి చోటోబాబూ. ఒక్కటి తక్కువ లేదు. చూసి ఎక్కించొచ్చు.”

“అవన్నీ ఎప్పటికి ఎక్కుతాయి? తనిఖీకి అందుతాయా?” చోటోబాబు ముఖం పైకెత్తాడు. “నువ్వు కూర్చుంటే అందుతాయి. ఈ పూజ దాకా, అంతే. కాగితాల మీద ఏ గుర్తు ఏమిటో నీకే తెలుసు. వదినతో నేను మాట్లాడతాను. ఇప్పుడే చేయనా? ఆమె కాదనదు. నాకింకెవరున్నారు మురళీదా?”

ఎప్పటి మాటే. ఇప్పుడైతే దానికి ఇంకా బరువుంది. ఇన్నాళ్ళూ మంచి పని చేశాడు కనుక ఉండిపోయాడు. ఇప్పుడు చెడగొట్టాడు కనుక ఉండాలి. మురళికి బీరువా కనిపిస్తోంది, అందులో కట్టలు కనిపిస్తున్నాయి. ఎలా మొదలుపెట్టాలో, ఏ ఏడాదివి ముందు ఎక్కించాలో, గుర్తులకి ఏ వరస పెట్టాలో, అన్నీ అప్పుడే బుర్రలో సర్దుకుంటున్నాయి. ఆ సర్దుకోవడం చూసి అతనికి భయం వేసింది. కుర్చీ వెనక్కి లాగి ఉంది. కూర్చుంటే చాలు. కాళ్ళు ఆ వైపుకే ఒక అడుగు వేశాయి కూడా.

చెడిన పనిని వదిలి ఆ షెడ్డు గుమ్మం అతను ఎప్పుడూ దాటలేదు. జ్వరంతో కూడా దాటలేదు.

“నేను చెడగొట్టాను చోటోబాబూ,” అన్నాడు. “తప్పు నాదే. చూసి రాయాల్సింది.”

“అది సరే, ఇప్పుడు...”

“గుర్తులు ఈ అమ్మాయికి ఫోన్లో చెబుతాను. చదవడం వచ్చినవాళ్ళెవరైనా ఎక్కిస్తారు.”

“ఎవరు?”

“ఎవరైనా,” అన్నాడు మురళి.

ఇన్నేళ్ళలో ఆ కుర్చీ గురించి అతను అలా అనడం అదే మొదలు. చోటోబాబు అతని వైపు కొత్త మనిషిని చూసినట్టు చూశాడు.

“ఇలా వదిలేసి వెళ్ళిపోతావా?”

“ఆఁ, ఇలాగే.”

డిస్కుని గుడ్డలో చుట్టి సౌజన్య చేతికిచ్చాడు. “పడీకు తల్లీ. మెత్తని దాన్లో పెట్టు.” ఆమె రెండు చేతులా అందుకుంది. “బండికి టైమైంది అంకుల్, నడవండి” అంది తప్ప ఇంకేం అనలేదు. విప్పిన మూత బల్ల మీద అలాగే ఉంది. మరలు కూడా అక్కడే ఉన్నాయి. వాటిని ఒక మూతలోకి ఏరి పెడదామని వంగాడు. మళ్ళీ లేచాడు. సంచీ భుజాన వేసుకున్నాడు. హౌరాలో దింపుతానన్న కారు సంగతి చోటోబాబూ ఎత్తలేదు, అతనూ ఎత్తలేదు.

బస్సు ఖిదిర్‌పూర్ దాకా కంటైనర్ లారీల మధ్య నత్తలా పాకింది. మురళి కిటికీ పక్కన కూర్చున్నాడు. ఇప్పుడు దిగినా వెనక్కి నడిచి వెళ్ళొచ్చు. ప్రతి స్టాపు దగ్గరా ఆ లెక్క వేసుకున్నాడు. బాబూఘాట్‌లో దిగి లాంచీ ఎక్కాక కానీ ఆ లెక్క ఆగలేదు. లాంచీ గట్టు వదిలింది. మధ్యలో దిగడానికి వీల్లేదు.

అప్పుడు ఫోన్ తీసి రమకి చేశాడు.

“ఏటి బావా, ఇందాక చేస్తే ఎత్తనేదు?”

“పన్లో ఉన్నాను.”

“అయిపోయినాదా?”

“లేదు. పాడు చేసీసినాను. మొత్తం పోయినాది.”

అవతల వార్డులో ఎవరో పిలుస్తున్నారు. రమ ఫోన్ మీద చేయి అడ్డం పెట్టి వాళ్ళకేదో చెప్పి, మళ్ళీ వచ్చింది. “మొత్తమంటే?”

“మొత్తమే.”

“మరి బాగుచేసీసినావా?”

“లేదు.”

ఆ తర్వాత ఏం వింటుందో ఆమెకి తెలుసు. రెండేళ్ళుగా వింటున్నదే. అతనికి ఆమె ఊపిరి వినిపించింది. సోమవారం రాసివ్వాల్సిన కాగితంలో ఏం రాయాలో ఆమె అప్పుడే నిశ్చయించుకుంటోందని కూడా తెలిసింది.

“అలాగే వదిలీసినాను రమా. లాంచీలో ఉన్నాను. హౌరా వచ్చెత్తన్నాది.”

ఫోన్ ఆగిపోయిందేమోనని తీసి చూసుకున్నాడు. ఆగలేదు.

“ఏటైనా తిన్నావా?” అంది రమ.

“లేదు.”

“టేషన్లో రొట్టెలు కొనుక్కో. బండిలో కొనకు, బాగోవు.” మురళి ముక్కు ఎగపీల్చాడు. “ఏడుస్తన్నావేటి బావా?”

“లేదు. గాలి.”

“సరే. కొనుక్కో మరి,” అందామె, ఫోన్ మాత్రం పెట్టలేదు. లాంచీ హౌరా గట్టుకి తగిలి కుదిపింది. జనం ఒక్కసారిగా లేచి తోసుకుంటూ ముందుకు కదిలారు. ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుని మురళి కూడా వాళ్ళతోపాటు దిగాడు.